మధువనంలో కావలివాడు

కనుమనాడు కాకి కూడా కదలదని మన సామెత. ఆ సామెత కట్టిన పెద్దమనిషి ఎవరో గాని, ముక్కనుమనాడు చెన్నపట్నం చూసి వుండడు. మనకు ముక్కనుమ అయిన రోజే తమిళులకు కాణుం పొంగలు. కాణుం అంటే చూచే అని గదా అర్థం. పెద్దలను చూచి దణ్ణం పెట్టుకోవడం, తోబుట్టువుల ఇళ్ళకు వెళ్ళి చూచి రావడం ఆ పండుగ అసలు తాత్పర్యం. రానురాను చూడవలసిన వాటిలో మెరీనా, వండలూరు పులులు, మహాబలిపురం రథాలు, కోవలం దారిలోని వినోదపు పార్కులు వచ్చి చేరాయి. పెద్దల పేరు జాబితాలో అడుగుకు జారిపోయింది. ఆ రోజు సముద్రంలోకి ఎవరూ దిగకుండా పోలీసులు ఒడ్డున అడ్డుకట్టలు కడతారు. జనంలో పిల్లలు తప్పిపోతారని వాళ్ళ ముంజేతికి తల్లిదండ్రుల ఫోను నంబరు రాసిన పట్టీలు చుడతారు. కాకి మాట అటుంచండి, ఊరికి ఊరే కదిలిపోతుంది.

ఇందులో ఇంకొక విశేషం వుంది. కాణుం పొంగలుకు ముందురోజు తిరువళ్ళువర్ దినం. వళ్ళువరు తిరుక్కురళ్‌లో కల్లు తాగవద్దని ఒక అధ్యాయమంతా, పది పద్యాలు, కేటాయించిన మహానుభావుడు. ఆయన గౌరవార్థం ఆనాడు టాస్మాక్ దుకాణాలన్నీ మూసివేస్తారు. మర్నాడు, సంసారులంతా పిల్లాపాపలతో బయలుదేరే రోజున, మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి మళ్ళీ తెరుస్తారు. చట్టప్రకారం తప్పేమీ లేదు. కాని ఒకరోజు ఉపవాసం వున్న వాడు మర్నాడు పారణ ఏ మోతాదులో చేస్తాడో మనకు తెలియనిది కాదు.

పొంగలు వెళ్ళిపోయిందిగా, ఈ గొడవ ఇప్పుడెందుకని మీరడగవచ్చు. వేసవి సెలవులకు మన సంఘంవారు బస్సు వేసి ఏదో ఒక పార్కుకు తీసుకువెళ్ళే ఆనవాయితీ వున్నది గదా. ఈసారి పేర్లు ఇమ్మని అడిగితే ఆడవాళ్ళ దగ్గర నుంచి వచ్చిన జవాబు దాదాపు ఒకటే: "నీళ్ళ ఆటలు లేని చోటయితే వస్తాం." ఎండాకాలంలో చెన్నపట్నంలో నీళ్ళు లేని చోటుకు విహారయాత్ర ఏమిటి అని కార్యదర్శిగారు తల పట్టుకున్నారు. అసలు కారణం పైకి చెప్పినది ఒక పదిహేడేళ్ళ పిల్ల. "పోయినేడు నేను రోజంతా అమ్మమ్మ పక్కన కూర్చుని అందరి చెప్పులకూ, సంచులకూ కాపలా కాశాను అత్తయ్యగారూ, అదేదో ఇంట్లోనే కూర్చుంటే టిక్కెట్టు డబ్బులు మిగిలేవి," అంది. ఆ పిల్లకు నీళ్ళంటే భయం కాదు. స్కూల్లో ఈతలో బహుమతి తెచ్చుకున్న పిల్ల. కెరటాల కొలనులో పదిమంది మగవాళ్ళు చేతులు పట్టుకుని వలయంగా తిరుగుతూ, మధ్యలో చిక్కిన ఆడపిల్లల మీదకు కావాలనే తూలుతూ వుంటే, ఒక్కసారి దిగి గట్టెక్కి వచ్చేసింది. తండ్రితో చెప్పలేదు. చెబితే వచ్చే ఏడు పంపించడని.

ఈ పిల్ల టిక్కెట్టుకూ, ఆ పదిమంది టిక్కెట్టుకూ వెలలో తేడా లేదు. నాకు మనసులో గుచ్చుకున్నది ఆ మాటే.

మన తాతల నాటి పట్నపు వినోదం వేరు. మూర్ మార్కెట్టు దగ్గర జంతువుల తోట, ఎగ్మూరులో మ్యూజియం. పల్లెల నుంచి వచ్చిన చుట్టాలు వాటిని బతికిన కాలేజీ, చచ్చిన కాలేజీ అనేవాళ్ళు. బతికిన కాలేజీ 1985లో వండలూరికి తరలిపోయింది. ఆ తరువాత సముద్రం దారిలో వినోదం వ్యాపారమై పెరిగింది. వాయిదాల మీద రేడియోలూ, ఫ్యాన్లూ అమ్మి ఇంటింటా తెలిసిన వి.జి.పి. వారి గోల్డెన్ బీచి, ముట్టుకాడు దగ్గర ఎం.జి.ఎం., పూనమల్లి దారిలో క్వీన్స్‌లాండు, మొన్న 2025 డిసెంబరులో తిరుప్పోరూరు వైపు తెరిచిన వండర్‌లా. వీటి మధ్యలో 1995లో తాంబరం దగ్గర వచ్చింది కిష్కింత. కట్టినవారు నవోదయ అప్పచ్చన్. మనదేశపు తొలి త్రీడీ చిత్రం తీసిన ఆయనే. అది తెలుగులో 'చిన్నారి చేతన' పేరుతో వస్తే మన పిల్లలు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, తెరమీది వస్తువు అందుకోబోయి ముందుసీటు వాళ్ళ జడలు పట్టుకున్నారు.

కిష్కింత అని పేరు పెట్టినవారు గంతులూ, కొమ్మలెక్కడమూ మాత్రమే తలుచుకుని వుంటారు. సుందరకాండ పారాయణ చేసే ఇళ్ళలో మాత్రం ఆ పేరు వినగానే మధువనం గుర్తుకు రావాలి. హనుమంతుడు సీతమ్మను చూచి తిరిగి వచ్చాడు. అంగదుడితో వెళ్ళిన వానరులంతా ఆనందం పట్టలేక సుగ్రీవుడి మధువనంలో జొరబడ్డారు. మధువు తాగారు. అది తేనె మాత్రమేనని మా మేనత్త వాదించేది గాని, తాగినవాళ్ళ వాలకం చూస్తే ఆ వాదం నిలవదు. ఒకడు పాడతాడు, ఒకడు కారణం లేకుండా నవ్వుతాడు, ఒకడు ఏడుస్తాడు, ఒకడు ఎదుటివాడిని తోస్తాడు, ఒకడు చెట్టుకింద పడి నిద్రపోతాడు. వాల్మీకి మహర్షి ఈ పట్టికలో దేన్నీ వదలలేదు. ఈనాటి పార్కులో కెరటాల కొలను గట్టున ఒక గంట కూర్చుంటే అదే పట్టిక వరసగా సరిచూసుకోవచ్చు.

ఆ తోటకు దధిముఖుడని కావలివాడు. సాక్షాత్తు రాజుగారి మేనమామ. వద్దని వారించాడు. బతిమాలాడు. కసిరాడు. వాళ్ళు ఆయనను పట్టుకుని ఈడ్చారు. చివరకు అంగదుడు ముసలివాడనైనా చూడకుండా నేలకేసి కొట్టాడు. దధిముఖుడు పరుగెత్తివెళ్ళి సుగ్రీవుడితో మొర పెట్టుకుంటే, సుగ్రీవుడు కోపగించలేదు సరిగదా సంతోషించాడు. పని సాధించకుండా ఇంత సాహసం చెయ్యరు, సీత జాడ తెలిసింది అని గ్రహించాడు.

బాగానే వుంది. మనవాళ్ళు ఏ సీతమ్మ జాడ తెలుసుకుని వచ్చారని ఈ వీరంగం?

ఏ పార్కు గుమ్మం దగ్గరయినా సంచులు వెతుకుతారు. చక్కిలాల డబ్బాలు, పులిహోర కూడా బయటపెట్టమనే చోట్లున్నాయి. దానిమీద నాకు వేరే ఫిర్యాదు వుంది, మరోసారి. సీసా లోపలికి పోవడం కష్టమే. కాని సంచిని వెతకగలరు, కడుపును వెతకలేరు గదా. వ్యానులో ఎక్కినప్పటి నుంచీ కూల్‌డ్రింకు సీసాలో కలుపుకున్నది చేతులు మారుతుంది. కార్లు నిలిపే మైదానంలో మిగిలినది పూర్తవుతుంది. మనిషి టిక్కెట్టు చూపించి దర్జాగా లోపలికి వస్తాడు. అతడు చట్టవిరుద్ధమైన వస్తువేదీ మోసుకురాలేదు, తనను తాను తప్ప.

తాగి రోడ్డుమీద నడిస్తే ఎంత ముప్పో నీళ్ళలోకి దిగితే దానికి పదింతలు. మద్యం మొదట చెడగొట్టేది నిలకడను, తరువాత అంచనాను. మామూలు మనిషికి నడుములోతు నీళ్ళలో కాలుజారితే వెంటనే పాదం నేల వెతుక్కుంటుంది. తాగినవాడికి పైకి ఏదో, కిందికి ఏదో ఆ క్షణంలో తెలియదు. ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో శరీరానికి గుర్తుండదు. వాంతి వస్తే, అది నీళ్ళలో వస్తే, ప్రాణం మీదకు వస్తుంది. జారుడుబల్లల సంగతి మరీ ముఖ్యం. పైన నిలబడ్డ కుర్రవాడు ఒకరు కిందికి చేరి కొలనులోంచి పక్కకు తప్పుకున్న తరువాతే రెండోవాణ్ణి వదులుతాడు. మత్తులో వున్నవాడు గొట్టం మధ్యలో కాళ్ళు అడ్డం పెట్టి ఆగి కేకలు వేస్తాడు, లేదా తోసుకుని ఇద్దరు ముగ్గురు కలిసి దూకుతారు. అప్పుడు వెనుక నుంచి వచ్చేది ఎవరి బిడ్డో? నిటారుగా లేచి తలకిందులయ్యే రైళ్ళలో ఒడిమీదికి వచ్చి బిగిసే ఇనుపకడ్డీ ఒకటి వుంటుంది. అది బిగిశాక కదలకుండా కూర్చుంటేనే రక్ష. ధైర్యం చూపించడానికి దాని కిందనుంచి జారి లేవబోయే వీరులను ఆపడానికే ఒక మనిషి జీతం సరిపోతుంది.

ఆ మనిషి ఎవరనుకున్నారు? మెడలో ఈల, తలమీద టోపీ, ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్లో పిల్లవాడో. చెంగల్పట్టు పల్లెల నుంచి, ఒడిషా నుంచి, అస్సాము నుంచి వచ్చినవాళ్ళు. ఎండలో నిలబడి రోజుకు వెయ్యిసార్లు "పరుగెత్తకండి" అనాలి. వీళ్ళే ఈనాటి దధిముఖులు. తేడా ఏమంటే వీళ్ళు రాజుగారి మేనమామలు కారు.

ఆడపిల్లల మాటకు వస్తాను. 1998లో చెన్నైలోనే ఒక కాలేజీ విద్యార్థిని ఆకతాయిల చేష్టల వల్ల ప్రాణాలు పోగొట్టుకుంది. ఊరంతా అట్టుడికిపోయింది. ఆ ఏడే తమిళనాడు ప్రభుత్వం ఆడవాళ్ళను వేధించడాన్ని నిషేధిస్తూ ప్రత్యేక చట్టం తెచ్చింది. అందులో బడి, గుడి, బస్సుస్టాపు, సినిమాహాలు, పార్కు, సముద్రతీరం అన్నీ చేర్చారు. వేధించినవాడి మాట సరే. ఆ స్థలం ఎవరి ఆధీనంలో వున్నదో వారు కూడా దాన్ని నివారించాలనీ, జరిగితే పోలీసులకు తెలపాలనీ వారిమీద బాధ్యత పెట్టారు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. "మేమేం చెయ్యగలమండీ, పండుగరోజులు, జనం ఎక్కువ" అని ఆఫీసుగదిలో ఎవరయినా అంటే, చెయ్యవలసినదే అని మర్యాదగా చెప్పడానికి ఆధారం వుంది. ఆడవారికి సహాయంగా 181, అత్యవసరానికి 112 ఫోను నంబర్లున్నాయి. రాసి పెట్టుకోండి.

తాగి నలుగురిలో అల్లరి చేసినవాడికి శిక్ష మాత్రం చాలాకాలం నవ్వులాటగానే వుండేది. 1860 నాటి శిక్షాస్మృతి ప్రకారం ఇరవైనాలుగు గంటల ఖైదు, లేదా పది రూపాయల జరిమానా. ఆనాడు పది రూపాయలంటే బంట్రోతుకు నెల జీతం కావచ్చు. ఆ పది రూపాయలు మాత్రం నూటఅరవై ఏళ్ళు అలాగే వుండిపోయింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త న్యాయసంహితలో జరిమానా వెయ్యిదాకా పెంచారు. దానితోపాటు సమాజసేవ అనే శిక్షను కూడా చేర్చారు. నన్నడిగితే ఇది మంచి యోచన. కెరటాల కొలను గట్టున ఈల మెడలో వేసి ఒక ఆదివారం నిలబెడితే చాలు.

ఇదంతా చదివి "కుర్రకారు చెడిపోయింది, బయటి ఊళ్ళవాళ్ళు వచ్చి పాడుచేశారు" అని మనం తృప్తిగా తల ఆడించడానికి వీలులేదు. మనలో పెద్దవాళ్ళకు మద్యనిషేధపు రోజులు గుర్తే. రాజాజీగారు 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మొదలుపెట్టారు. మర్నాడేడు మన చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. 1948కి, ఓమందూరు రామస్వామి రెడ్డియారు ముఖ్యమంత్రిగా వుండగా, మద్రాసు రాష్ట్రమంతటా అమలయింది. 1971లో తెరిచారు, కొన్నేళ్ళకే మూశారు, 1981లో మళ్ళీ తెరిచారు. 1983లో టాస్మాక్ పుట్టింది. 2003 నుంచి చిల్లర అమ్మకం కూడా ప్రభుత్వం చేతికే వచ్చింది. ఆ నిషేధపు రోజులు స్వర్ణయుగమని నేననను. దొంగసారా కాచారు, వార్నిషు తాగారు, కళ్ళు పోగొట్టుకున్నారు. కాని ఒకటి వుండేది. తాగినవాడు ఇంటికి పెరటిదారిన వచ్చేవాడు. పెద్దవాళ్ళ ఎదుట పడేవాడు కాడు. ఆ భయం చట్టానిది కాదు, ఇంటిది.

ఆ ఇంటి భయమే నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఊరి భయంగా మారింది. చదువుకోవడానికి రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా పోయింది, 1995లో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం పూర్తి నిషేధం పెట్టింది, 1997లో అది సడలిపోయింది. మన పట్నపు తెలుగువారిలో నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో. ఆనాడు కాగితంలో దూబగుంట పేరు చదివి మనం గర్వపడ్డాము. ఇవాళ అదే ఇంటి అల్లుడుగారు విహారయాత్ర బస్సులో వెనుకసీటులో కూర్చుంటే, ఆ సీటుకు పిల్లలను పోనివ్వరు.

వెనుకసీటు సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. "ఏడాదికొక్కరోజు, పోనిద్దురూ" అంటారు వదినగారు. "మావాడు తాగినా మర్యాదస్తుడు" అంటారు అత్తగారు. కావచ్చు. మన బస్సులో దిగినవారు ఎవరి ఆడపిల్లల జోలికీ పోలేదు. కాని పాటలు పాడారు, వరుసలో అడ్డంగా దూరారు, భోజనాల దగ్గర వడ్డించే కుర్రవాణ్ణి ఏకవచనంలో నానామాటలూ అన్నారు. పక్క బస్సులోని పదిహేడేళ్ళ పిల్ల కళ్ళకు వీరూ ఆ పదిమందిలాగే కనిపించి వుంటారు. ఎవరు మర్యాదస్తులో ఆ పిల్లకు ముఖం చూచి తెలుస్తుందా?

తాగుడు లేకుండా వినోదం నడుస్తుందా అని వ్యాపారస్తులు అడుగుతారు. ప్రపంచంలో కెల్లా పేరుపడ్డ తోట అలాగే నడిచింది. కాలిఫోర్నియాలో వాల్ట్ డిస్నీ 1955లో డిస్నీలాండు తెరిచినప్పుడు లోపల మద్యం అమ్మరాదని నియమం పెట్టుకున్నాడు. 1971లో ఫ్లోరిడాలో తెరిచిన మాయారాజ్యంలోనూ అంతే. 2012 దాకా అక్కడ చుక్క అమ్మలేదు. పారిస్ దగ్గర 1992లో తోట తెరిచి ఇదే నియమం పెడితే ఫ్రెంచివారు ముఖం చిట్లించారు. భోజనంతో ద్రాక్షసారా లేకపోతే వాళ్ళకు ముద్ద దిగదు. మరుసటి ఏడే నియమం సడలించవలసి వచ్చింది. ఆ పార్కులో కొంపలేమీ మునగలేదు. ఇటు ఫ్లోరిడాలోనే ఎప్‌కాట్ అని ఇంకొక తోట వున్నది. మన పిల్లలు అమెరికాలో వుంటే తల్లిదండ్రులను తప్పకుండా తీసుకువెళ్ళే చోటు. అక్కడ సరస్సు చుట్టూ పదకొండు దేశాల మండపాలు. వాటిని చూడడానికి వచ్చినవారిలో కొందరు ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క గ్లాసు చొప్పున ప్రదక్షిణం పెట్టుకున్నారు. అదొక మొక్కుబడిలాగా అయిపోయింది. ఆ ప్రదక్షిణం చివరి దేశాల దగ్గరికి వచ్చేసరికి ఎలా వుంటుందో మీరు ఊహించుకోవచ్చు. అంటే, గ్లాసు ఎందుకు ఎత్తుతున్నామన్నదాన్ని బట్టి వుంటుంది. అన్నంతో తాగేవాడి సంగతి వేరు. వినోదంగా తాగేవాడికి పక్కవాళ్ళంతా ఆ వినోదంలో భాగమే.

ఇక్కడ నాకు గోల్డెన్ బీచి బొమ్మమనిషి గుర్తుకు వస్తాడు. మన పిల్లలందరూ చిన్నప్పుడు ఆయన ముందు నిలబడ్డవాళ్ళే. రాజభటుడి దుస్తులు, పెద్ద మీసాలు, కదలని కన్ను. నవ్వించినవారికి బహుమతి అని పెట్టారు. లండనులో రాణిగారి కోట ముందు భటులను చూచి వచ్చిన ఊహ అది. పిల్లలు నాలుక బయటపెట్టి, కోతిచేష్టలు చేసి అలిసిపోయేవారు; అంతవరకు ముద్దుగానే వుండేది. పిల్లలు వెళ్ళిపోయాక వాళ్ళ నాన్నగార్లు మొదలుపెట్టేవారు. మనిషి ఎదురుగా నిలబడి, అతడు బదులు చెప్పడని తెలిసి, నోటికి వచ్చినది అనడంలో ఒక సుఖం వుంటుందని నేను మొదట చూచినది అక్కడ. చాలామంది ఒక్కచుక్క తాగకుండానే ఆ పని చేసేవారు.

అందుకే తాగుడు ఒక్కటే మూలమని నాకు తోచదు. మద్యం లోపల వున్నదాన్ని తలుపు తీసి బయటికి వదులుతుంది. లోపల వున్నది ఏమిటంటే, "నేను టిక్కెట్టు కొన్నాను" అన్న దర్జా. అయిదుగురు సభ్యుల కుటుంబానికి వేలల్లో అవుతుంది, నిజమే. ఆ డబ్బుతో మనం కొన్నది కొన్నిగంటల సేపు ఆ ఆటలు ఆడే హక్కు. నీళ్ళను కొనలేదు, అందులో వున్న ఆడపిల్లలను కొనలేదు, ఈల వేసే కుర్రవాడి మర్యాదను కొనలేదు.

మొన్న వేసవిలో ఒక పార్కులో చూచినది చెబుతాను; ఏ పార్కన్నది అనవసరం. పెద్ద రైలు దగ్గర గోడకు ఒక గీత గీసి వుంది. ఆ గీత కంటే పొట్టిగా వున్న పిల్లలను ఎక్కనివ్వరు. ఆ ఇనుపకడ్డీ పెద్దవాళ్ళ ఒడికి బిగిస్తుంది, చిన్నపిల్లవాడికి వదులుగా వుండి జారిపోయే ప్రమాదం. అందుకని ఆ గీత. ఒక తండ్రి, ఇస్త్రీ చొక్కా, చక్కని తెలుగు, మద్యం వాసన ఏమాత్రం లేదు, కొడుకును గీత దగ్గర నిలబెట్టాడు. నాలుగువేళ్ళు తక్కువ. పిల్లవాడి బూటులో చేతిరుమాలు మడిచి పెట్టాడు. అయినా రెండువేళ్ళు తక్కువ. అక్కడ నిలబడ్డ అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయి, వచ్చీరాని తమిళంలో "వద్దు సార్" అంది. ఆయన గొంతు లేచింది. "మావాడికి భయం లేదు, నీకెందుకు? డబ్బు తీసుకునేటప్పుడు కొలిచారా?" అన్నాడు. వెనుక వరుసలో వున్నవాళ్ళు ఆయనను ఏమీ అనలేదు; ఆలస్యమవుతోందని ఆ అమ్మాయినే విసుక్కున్నారు. అమ్మాయి గొలుసు మాత్రం తియ్యలేదు. పిల్లవాడు నాన్న చెయ్యి పట్టుకుని "పోదాం నాన్నా" అని లాగుతున్నాడు.

పై ఉద్యోగి వచ్చాడు. రెండువైపులా విన్నాడు. గీత గీతే అన్నాడు, అందుకు సంతోషం. కాని ఆ పెద్దమనిషి తాను అవమానపడ్డానని పట్టుపట్టాడు. అందుచేత పిల్లవాణ్ణి కాపాడిన ఆ అమ్మాయి అందరి ముందూ క్షమాపణ చెప్పింది. ఆయన తల పంకించి, కొడుకుకు ఐస్‌క్రీము కొనిపెట్టడానికి వెళ్ళిపోయాడు.

సుందరకాండలో కూడా కథ సుగ్రీవుడి సంతోషంతో ఆగదు. వానరులను వెంటనే పంపించమని చెప్పి రాజు దధిముఖుణ్ణి తోటకు తిప్పి పంపుతాడు. ఆయన తిరిగి వెళ్ళేసరికి అందరికీ మత్తు దిగిపోయి వుంటుంది. తోట పాడయిపోయి వుంటుంది. దెబ్బలు తిన్న ఆ ముసలి కావలివాడు అంగదుడి ముందు చేతులు జోడించి, మావాళ్ళు తెలియక అడ్డుపడ్డారు, నువ్వు యువరాజువు, ఈ వనానికి ప్రభువువు, మన్నించు అని వేడుకుంటాడు.